లారీ హెడ్ గ్యాస్కెట్ ఎందుకు పోతుంది? మార్చేటప్పుడు ఏమి గమనించాలి?

ఇంట్లో ప్రెషర్ కుక్కర్ మూత లోపల ఒక రబ్బరు చుట్టు ఉంటుంది. అది పాతబడి గట్టిపడితే ఆవిరి పక్కల నుంచి జారిపోతుంది, విజిల్ రాదు, పప్పు ఉడకదు. ఆ చుట్టును అందరూ గ్యాస్కెట్ అనే పిలుస్తారు. లారీ ఇంజన్‌లో కూడా అదే పేరుతో, అటువంటి పనే చేసే పలుచని పలక ఒకటి ఉంది. కుక్కర్ గ్యాస్కెట్ పోతే ఒక పూట వంట ఆలస్యమవుతుంది. లారీ హెడ్ గ్యాస్కెట్ పోయిన సంగతి సకాలంలో గుర్తించకపోతే ఒక కుటుంబం ఏళ్ళ తరబడి వాయిదాలు కడుతున్న బండి నెలల పాటు షెడ్డులో నిలిచిపోతుంది. వాయిదా మాత్రం నిలవదు.

కోలారు టమాటా, కృష్ణగిరి మామిడి, బళ్ళారి వైపు ఖనిజం, రాయగడ, కోరాపుట్ కొండల నుంచి దిగే సరుకు, వీటిని మోసే లారీలలో అనేకం ఒక్క బండినే నమ్ముకున్న కుటుంబాలవి. చిత్తూరు నుంచి పలమనేరుకు ఎక్కే మొగిలి ఘాట్ అయినా, సాలూరు నుంచి కోరాపుట్‌కు ఎక్కే ఘాట్ అయినా, నిండు లోడుతో తక్కువ గేరులో ఎండవేళ పైకి సాగే బండి ఇంజన్‌కు అది కఠిన పరీక్ష. ఆ పరీక్షలో తరచుగా ముందు ఓడిపోయేది హెడ్ గ్యాస్కెట్. అయితే అనుభవజ్ఞులైన మేస్త్రీలు చెప్పే మాట ఒకటుంది. గ్యాస్కెట్ తనంతట తాను పోవడం తక్కువ. దాని వెనుక మరొక కారణం ఉంటుంది. ఆ కారణాన్ని వదిలి గ్యాస్కెట్‌ను మాత్రమే మార్చితే కొత్తది కూడా పాతదాని దారినే పోతుంది.

గ్యాస్కెట్ చేసే పని

ఇంజన్‌లో కింది భాగాన్ని బ్లాకు అంటారు. పిస్టన్లు పైకి కిందికి కదిలే సిలిండర్లు అందులో ఉంటాయి. ఆ సిలిండర్లకు మూతవలె పైన అమర్చిన బరువైన పోత ఇనుప భాగమే హెడ్డు. వాల్వులు, నాజిళ్ళు అందులో ఉంటాయి. బ్లాకుకూ హెడ్డుకూ మధ్య ఉండేది గ్యాస్కెట్. షెడ్డు భాషలో దీన్నే హెడ్ ప్యాకింగ్ అని కూడా అంటారు.

ఈ పలక ఏకకాలంలో మూడింటిని వేరువేరుగా ఉంచాలి. సిలిండర్‌లో మండే వాయువు బయటికి పోకూడదు. బ్లాకు నుంచి హెడ్డులోకి వెళ్ళే నీరు తన దారిలోనే పోవాలి. పైకి వెళ్ళి తిరిగి దిగే ఆయిల్ తన దారిలోనే ఉండాలి. ఈ మూడింటిలో ఏ రెండు కలిసినా ఇంజన్‌కు చేటు.

మండే వాయువు ఎంత బలంగా తోస్తుందో ఒక లెక్క వేసి చూడవచ్చు. టాటా లారీలలో విస్తారంగా వాడిన కమిన్స్ 5.9 లీటర్ల ఆరు సిలిండర్ల ఇంజన్‌ను ఉదాహరణగా తీసుకుందాం. దాని ఒక్కొక్క సిలిండర్ వ్యాసం 102 మిల్లీమీటర్లు. అంటే వృత్త వైశాల్యం సుమారు 82 చదరపు సెంటీమీటర్లు. టర్బో ఉన్న డీజిల్ ఇంజన్‌లో లోడు మీద డీజిల్ మండిన క్షణాన ఒత్తిడి చదరపు సెంటీమీటరుకు 100 కిలోలు దాటుతుంది. 82ను 100తో హెచ్చిస్తే 8,200 కిలోలు. ఒక్క సిలిండర్‌లో మంట లేచిన ప్రతిసారీ ఎనిమిది టన్నులకు పైగా బలం హెడ్డును పైకి ఎత్తివేయాలని చూస్తుంది. ఇంజన్ నిమిషానికి 2,000 చుట్లు తిరుగుతున్నప్పుడు ఒక్కొక్క సిలిండర్‌లో నిమిషానికి 1,000 సార్లు ఇది జరుగుతుంది.

ఇంత బలాన్ని ఎదిరించి హెడ్డును కదలకుండా పట్టి ఉంచేవి బోల్టులు. పై ఇంజన్‌లో వాటి సంఖ్య 26. గ్యాస్కెట్ మూస్తుంది, బోల్టు పట్టి ఉంచుతుంది. బోల్టు పట్టు సడలిన చోట ఎంత ఖరీదైన గ్యాస్కెట్ అయినా నిలవదు.

పోయిందని తెలిపే గుర్తులు

డ్రైవరు కంటికి, ముక్కుకు, చేతికి తెలిసే గుర్తులు కొన్ని ఉన్నాయి. రేడియేటర్‌లో నీరు రోజూ తగ్గుతున్నా బయట ఎక్కడా కారడం కనిపించదు. ఇంజన్ వేడెక్కిన తరువాత కూడా సైలెన్సర్ నుంచి తెల్లని పొగ వస్తూనే ఉంటుంది. కూలెంట్ కలిపిన నీరైతే ఆ పొగలో తీపి వాసన ఉంటుంది. ఆయిల్ గేజీ కడ్డీ తీసి చూస్తే ఆయిల్ పాలు కలిపిన టీ రంగులోకి మారి ఉంటుంది. ఉదయం చల్లని ఇంజన్‌ను స్టార్టు చేసిన కొద్దిసేపటికే రేడియేటర్ పై గొట్టం రాయిలా గట్టిపడుతుంది. నీటిలో బుడగలు ఆగకుండా వస్తాయి. ఘాట్ ఎక్కేటప్పుడు నీరు బయటికి తన్నివేస్తుంది. ఒకటి రెండు సిలిండర్లు సరిగా కొట్టక బండి లాగుడు తగ్గుతుంది.

ఇందులో ఏ గుర్తు కనిపించినా బండిని ఆపివేయడమే అన్నిటికంటే పెద్ద ఆదా. ‘ఊరు దగ్గరే కదా, నీళ్ళు పోసుకుంటూ చేరిపోదాం’ అనుకున్న ఆ కొద్ది కిలోమీటర్లలోనే హెడ్డు వంగుతుంది, వాల్వుల మధ్య పగులుతుంది, నీరు కలిసిన ఆయిల్ బేరింగులను తినివేస్తుంది. వేలల్లో తేలవలసిన ఖర్చు లక్షల్లోకి వెళ్ళేది అక్కడే.

రెండు జాగ్రత్తలు ప్రాణానికి, బండికి సంబంధించినవి. వేడిగా ఉన్న రేడియేటర్ మూతను ఎన్నడూ తెరవరాదు. ఒత్తిడిలో ఉన్న నీరు 100 డిగ్రీలు దాటినా మరగకుండా ఉంటుంది. మూత తీసిన మరుక్షణం అది ఆవిరై ముఖం మీదికి ఎగజిమ్ముతుంది. అట్లాగే మండిపోతున్న ఇంజన్‌లో చల్లని నీరు ఒక్కసారిగా పోయరాదు. వేడి పెనం మీద నీళ్ళు చల్లినప్పుడు జరిగేదే పోత ఇనుముకు కూడా జరిగి పగులుతుంది.

హెడ్డు దించక ముందే తేల్చుకోవలసినవి

పై గుర్తులన్నీ ప్రతిసారీ హెడ్ గ్యాస్కెట్‌నే సూచించవు. ఆయిల్‌నూ నీటినీ పక్కపక్కనే ప్రవహింపజేసే ఆయిల్ కూలర్ లోపల చిల్లు పడినా ఆయిల్, నీరు కలుస్తాయి. లారీలో బ్రేకులకు గాలి నింపే కంప్రెసర్ అనేక ఇంజన్లలో అదే రేడియేటర్ నీటితో చల్లబడుతుంది. ఆ కంప్రెసర్ సొంత గ్యాస్కెట్ పోతే గాలి నీటిలోకి చేరి రేడియేటర్‌లో బుడగలు వస్తాయి. అచ్చం ఇంజన్ గ్యాస్కెట్ పోయినట్లే కనిపిస్తుంది.

అందువల్ల జాగ్రత్తగల మేస్త్రి కంప్రెసర్‌ను కొద్దిసేపు నీటి మార్గం నుంచి తప్పించి, ఇంజన్ నడిపి, బుడగలు ఆగాయో లేదో చూస్తాడు. తరువాత చల్లని ఇంజన్ రేడియేటర్‌కు చేతి పంపుతో గాలి ఒత్తిడి పెట్టి నీరు ఎటు పోతున్నదో గమనిస్తాడు. ఈ గంట పని చేయకుండా హెడ్డు దించితే రెండు రోజుల కూలి, కొత్త గ్యాస్కెట్ ఖర్చు అయిన తరువాత కూడా బుడగలు మళ్ళీ కనిపించే ప్రమాదం ఉంది.

అసలు కారణాలు

మొదటి కారణం వేడి. బోరు నీటిలోని లవణాలు రేడియేటర్ గొట్టాలలో, హెడ్డులోని నీటి దారులలో సున్నంలా పేరుకుంటాయి. పైకి నీరు నిండుగానే ఉన్నా చల్లదనం లోపలికి చేరదు. ఫ్యాన్ బెల్టు వదులు కావడం, వాటర్ పంపు అరగడం, రేడియేటర్ రెక్కల మధ్య దుమ్ము, ధాన్యపు పొట్టు నిండడం కూడా ఇటువంటివే. థర్మోస్టాట్‌ను తీసివేస్తే ఇంజన్ చల్లగా ఉంటుందనే నమ్మకం చాలా షెడ్డులలో ఉంది. అది సరికాదు. థర్మోస్టాట్ లేని ఇంజన్ మామూలు వేళల్లో కావలసిన వేడికి రాక డీజిల్ ఎక్కువ తాగుతుంది. కొన్ని ఇంజన్లలో నీరు రేడియేటర్‌కు పోకుండా అడ్డదారిన తిరిగి, లోడు మీద మరింత వేడెక్కుతుంది.

రెండవది మంట ఒత్తిడి. లాగుడు పెరగాలని డీజిల్ పంపును కంపెనీ నిర్ణయించిన దానికంటే పెంచడం, టైమింగ్‌ను ముందుకు జరపడం వల్ల సిలిండర్‌లో ఒత్తిడి పెరుగుతుంది. దానికి తోడు పరిమితికి మించిన లోడు. బోల్టులు ఏ బలానికి లెక్కించి తయారయ్యాయో దాన్ని మించి ప్రతి ఘాట్‌లోనూ అవి లాగబడతాయి.

మూడవది గతంలో జరిగిన తప్పుడు బిగింపు. హెడ్డు వంగి ఉండగా అట్లాగే అమర్చడం, బోల్టులను అంచనాతో బిగించడం, సాగిపోయిన బోల్టులనే మళ్ళీ వాడడం. ఈ మూడవ కారణం పూర్తిగా మనిషి చేతిలో ఉన్నది.

హెడ్డు దించే విధానం

ఇంజన్ పూర్తిగా చల్లబడాలి. రాత్రంతా ఆపి ఉంచడం మేలు. వేడిగా ఉన్న హెడ్డు బోల్టులు విప్పితే అది వంగిపోవచ్చు. చక్రాలకు అడ్డు పెట్టి, బ్యాటరీ తీగ తీసి, నీటిని శుభ్రమైన పాత్రలోకి దించుతారు. క్యాబిన్ పైకి లేపే రకమైతే దానికి తప్పనిసరిగా కడ్డీ ఆధారం పెట్టాలి.

తరువాత గాలి గొట్టాలు, టర్బో, మానిఫోల్డ్, డీజిల్ పైపులు, నాజిళ్ళు వరుసగా విప్పుతారు. విప్పిన ప్రతి డీజిల్ పైపు మూతికీ వెంటనే మూత పెట్టాలి. ఒక ఇసుక రేణువు చాలు నాజిల్‌ను చెడగొట్టడానికి. రాకర్లు, పుష్ రాడ్లు తీసేటప్పుడు ఏది ఎక్కడిదో అక్కడికే తిరిగి వెళ్ళాలి. ఒక అట్ట ముక్కకు పన్నెండు రంధ్రాలు చేసి, అంకెలు వేసి, పుష్ రాడ్లను ఆ వరుసలోనే గుచ్చి ఉంచే మేస్త్రి పని తెలిసినవాడని అక్కడే తెలిసిపోతుంది.

హెడ్డు బోల్టులను ఒక చివర నుంచి మొదలుపెట్టి వరుసగా పూర్తిగా విప్పుకుంటూ పోకూడదు. బిగించే క్రమానికి సరిగ్గా వ్యతిరేకంగా, అంటే అంచుల నుంచి మధ్యకు, రెండు మూడు విడతలుగా వదులు చేయాలి. ఆరు సిలిండర్లకు కలిపి ఒకే హెడ్డు ఉన్న ఇంజన్‌లో దాని బరువు సుమారు 50 కిలోలు ఉంటుంది. దాన్ని గొలుసు కప్పీతో ఎత్తి చెక్క దిమ్మల మీద ఉంచాలి. నేల మీద పడవేస్తే ముఖతలానికి గీతలు పడతాయి.

పాత గ్యాస్కెట్‌ను వెంటనే పారవేయరాదు. అది ఒక సాక్ష్యం. రెండు సిలిండర్ల మధ్య నల్లని కాలిన గీత ఉంటే వాయువు అక్కడి నుంచి దాటింది. నీటి రంధ్రం వైపు మరక ఉంటే నీరు అటు పోయింది. ఒకే వైపున ముద్ర పలుచగా పడి ఉంటే బిగింపు అక్కడ చాలలేదు. యజమాని కూడా దాన్ని వెలుతురులో పట్టి చూడవచ్చు.

చదును పరీక్ష

హెడ్డు, బ్లాకు ముఖతలాలను శుభ్రం చేయడంలో తొందర పనికిరాదు. గ్రైండర్‌కు గరుకు బిళ్ళ తగిలించి రుద్దడం అలవాటుగా మారింది. ఆ బిళ్ళ నుంచి రాలే పొడి ఆయిల్ దారులలో చేరి బేరింగులను, పిస్టన్ రింగులను అరగదీస్తుంది. పైగా తలంలో కంటికి కనిపించని గుంతలు పడతాయి. మొండి గోకుడు బిళ్ళతో, ద్రావకంతో ఓపికగా తీయడమే సరైన పద్ధతి. సిలిండర్లలో, నీటి రంధ్రాలలో చెత్త పడకుండా శుభ్రమైన గుడ్డలు కుక్కి, పని కాగానే లెక్క ప్రకారం తీసివేయాలి.

ఆపైన ఉక్కు రూలుకర్రను హెడ్డు మీద పొడవునా, అడ్డంగా, మూల నుంచి మూలకు ఉంచి, దాని కింద ఫీలర్ గేజీ రేకు దూరుతుందేమో చూస్తారు. ఎంత సందు వరకు అనుమతించాలో ఆ ఇంజన్ పుస్తకంలో ఉంటుంది. హద్దు మీరితే లేత్ షాపులో ఫేసింగ్ చేయించాలి. అయితే ఎక్కువ కోత కోస్తే వాల్వులు పిస్టన్‌కు దగ్గరవుతాయి, నాజిల్ మొన కిందికి దిగుతుంది. అందుకే కోతకు కూడా హద్దు ఉంది. కొన్ని ఇంజన్లకు అటువంటి సందర్భం కోసం కాస్త మందమైన గ్యాస్కెట్ దొరుకుతుంది. లైనర్లు వేసిన ఇంజన్లలో ప్రతి లైనరూ బ్లాకు తలం కంటే ఎంత పైకి పొడుచుకొని ఉందో కొలవడం కూడా తప్పనిసరి. ఒక్క లైనర్ దిగి ఉన్నా ఆ సిలిండర్ దగ్గర గ్యాస్కెట్‌కు పట్టు ఉండదు.

బాగా వేడెక్కిన ఇంజన్ హెడ్డుకు పగుళ్ళ పరీక్ష చేయించకుండా తిరిగి అమర్చడం సాహసమే. నీటి దారులను మూసి, గాలి ఒత్తిడి పెట్టి, వేడి నీటి తొట్టిలో ముంచితే పగులు ఉన్నచోట బుడగ వస్తుంది.

బోల్టు అసలు పని

లోడు మీద మోకు కట్టేటప్పుడు దాన్ని లాగి సాగదీసి ముడి వేస్తారు. సాగిన మోకు తిరిగి ముడుచుకోవాలని చూస్తుంది కనుకనే సరుకును నొక్కి పట్టి ఉంచుతుంది. హెడ్డు బోల్టు చేసేదీ అదే. బిగించినప్పుడు బోల్టు అతి స్వల్పంగా సాగుతుంది. ఆ సాగుదలే పట్టు. ఏళ్ళ తరబడి వాడిన మోకు సాగి సాగి బలం ఉడిగితే, ఎంత లాగి కట్టినా లోడు కదులుతుంది. బోల్టుకు కూడా ఒక హద్దు ఉంది. దాన్ని దాటి సాగితే అది తిరిగి తన పొడవుకు రాదు.

ఇటీవలి ఇంజన్లలో చాలావాటికి బోల్టులను ఆ హద్దు దాకా, కొన్నిటికి హద్దును కొంచెం దాటేలా కూడా బిగిస్తారు. అటువంటి బోల్టులను ఒకసారి వాడిన తరువాత పారవేయాలని కొన్ని కంపెనీలు చెబుతాయి. మరికొన్ని ఇంజన్లకు పొడవు కొలిచి, పరిమితి లోపల ఉంటేనే మళ్ళీ వాడవచ్చని చెబుతాయి. కొలవకుండా వాడవచ్చని మాత్రం చెప్పవు. ‘బోల్టులు బాగానే ఉన్నాయి కదా మేస్త్రీ, ఈసారికి అవే వేసెయ్యండి’ అని యజమాని అనడం, మేస్త్రి మొహమాటపడి సరేననడం షెడ్డులలో సాధారణం. సాగిన బోల్టు కంటికి బాగానే కనిపిస్తుంది. మెడ సన్నబడటం, మరల మధ్య దూరం పెరగడం కొలతకే తెలుస్తాయి. తుప్పు గుంతలు పడినా, మరలు దెబ్బతిన్నా, పొడవు మించినా అది పనికిరాదు.

బోల్టు తల మీద ఉండే అంకెలకూ అర్థం ఉంది. 8.8 అని ఉంటే ఆ ఉక్కు చదరపు మిల్లీమీటరుకు సుమారు 800 న్యూటన్ల వద్ద తెగుతుంది, అందులో 80 శాతం వద్ద శాశ్వతంగా సాగడం మొదలవుతుంది. 10.9 అయితే 1,000 న్యూటన్లు, 90 శాతం. అందువల్ల హెడ్డు బోల్టు ఒకటి తక్కువైతే అదే లావు, అదే పొడవు ఉన్న సాధారణ బోల్టును హార్డ్‌వేరు దుకాణంలో కొని వేయడం ప్రమాదకరం. కొలత ఒకటే అయినా బలం ఒకటి కాదు.

రంధ్రాల శుభ్రత, అంకెల భాష

బ్లాకులోని బోల్టు రంధ్రాలలో కొన్ని అడుగు మూసుకొని ఉంటాయి. వాటిలో నీరు, ఆయిల్ నిలిచి ఉండగా బోల్టు దించితే ఆ ద్రవానికి పోయే దారి ఉండదు. బిగింపు బలమంతా ద్రవం మీద పడి బ్లాకునే పగలగొట్టవచ్చు. కావున ప్రతి రంధ్రాన్నీ గాలితో ఊది, గుడ్డతో తుడిచి, మరలను శుభ్రం చేయాలి.

టార్క్ రెంచ్ మీద మనం చూసే అంకె బోల్టు సాగుదలను నేరుగా చూపదు. మనం వేసే బలంలో సుమారు పదో వంతు మాత్రమే బోల్టును సాగదీస్తుంది. మిగిలినదంతా తల కింద, మరలలో రాపిడికే పోతుంది. తుప్పు పట్టిన మరలలో రాపిడి పెరిగి, రెంచ్ సరైన అంకె చూపినా పట్టు తక్కువగానే ఉంటుంది. పుస్తకం చెప్పిన చోట శుభ్రమైన ఇంజన్ ఆయిల్‌ను పలుచగా రాయడం అందుకే. ధారగా పోయడం కాదు.

మరొక చిక్కు కొలమానాలది. పాత రెంచ్‌ల మీద కిలోగ్రామ్ మీటర్లు, కొన్నిటి మీద అడుగు పౌన్లు, కొత్తవాటి మీద న్యూటన్ మీటర్లు ఉంటాయి. 90 న్యూటన్ మీటర్లంటే 9.2 కిలోగ్రామ్ మీటర్లు, అడుగు పౌన్లలో 66. పుస్తకంలో 90 న్యూటన్ మీటర్లని ఉంటే అడుగు పౌన్ల రెంచ్‌ను 90కి పెట్టిన వ్యక్తి 122 న్యూటన్ మీటర్ల వరకు బిగిస్తాడు. మూడో వంతు అధికం. ఇంట్లో పదో తరగతి చదివే పిల్ల ఒక నిమిషంలో చేసి చూపగల లెక్క ఇది. పుస్తకం ఇంగ్లీషులో ఉన్నా పట్టికలోని అంకెలు అందరివీ.

అమరిక, బిగింపు

కొత్త గ్యాస్కెట్ ఇంజన్ నంబరుకు సరిపోయినదేనా అని ముందు సరిచూడాలి. పైకి ఉండవలసిన వైపు గుర్తు ముద్రించి ఉంటే అది పైకే ఉండాలి. ప్రతి నీటి రంధ్రం, ఆయిల్ రంధ్రం ఎదురుగా కలుస్తున్నాయో లేదో బ్లాకు మీద పెట్టి చూడాలి. కంపెనీ చెప్పనిదే జిగురు, గ్రీజు రాయరాదు. పొడి తలం మీద పొడి గ్యాస్కెట్, దాని మీదికి తిన్నగా దిగే హెడ్డు, అంతే.

బిగింపు ఎల్లప్పుడూ మధ్య నుంచి అంచులకు సాగుతుంది. మంచం మీద దుప్పటి పరిచేటప్పుడు ముడత పోవడానికి మధ్య నుంచి అంచులకు నిమరడం వంటిదే ఇది. క్రమం పుస్తకంలో అంకెలతో గీసి ఉంటుంది. పైన చెప్పిన 5.9 లీటర్ల ఇంజన్‌లో సిలిండర్‌కు రెండు వాల్వులున్న పాత రకానికి క్రమం ఈ విధంగా ఉంటుంది. మొదట అన్ని బోల్టులనూ 90 న్యూటన్ మీటర్లకు బిగించాలి. తరువాత పొడవు బోల్టులను మాత్రం 120కి తేవాలి. చివరగా అన్నిటినీ మరో 90 డిగ్రీలు, అంటే పావు చుట్టు తిప్పాలి. ప్రతి బోల్టు తల మీద రంగు చుక్క పెట్టుకుంటే పావు చుట్టు అయినదీ కానిదీ కంటికి కనిపిస్తుంది. ఏ బోల్టూ మిగిలిపోదు.

ఈ అంకెలు ఆ ఇంజన్‌కే పరిమితం. వేరొక కంపెనీ ఇంజన్‌కు, అదే కంపెనీ వేరొక నమూనాకు ఇవి వర్తించవు. 2020 ఏప్రిల్ నుంచి అమలైన బీఎస్ 6 బండ్లలో డీజిల్ పైపుల ఒత్తిడి, సెన్సార్లు, పొగ శుద్ధి పరికరాలు అన్నీ వేరు. వాటిని ఆ శిక్షణ, పరికరాలు ఉన్నచోటనే విప్పించాలి. కొన్ని పాత ఇంజన్లకు బండి కొంత నడిచిన తరువాత మళ్ళీ బిగించడం అవసరం. కోణం లెక్కతో బిగించే ఇంజన్లలో చాలావాటికి అది అవసరం లేదు, అక్కడ మళ్ళీ బిగించడమే హాని. ఏది సరైనదో పుస్తకమే చెప్పాలి, అలవాటు చెప్పరాదు.

ఆఖరున వాల్వుల సందు సరిచేయాలి. పై ఇంజన్‌కు చల్లగా ఉన్నప్పుడు గాలి వాల్వుకు 0.25 మిల్లీమీటర్లు, పొగ వాల్వుకు 0.50 మిల్లీమీటర్లు.

రోడ్డెక్కే ముందు

ఆయిల్‌లో నీరు కలిసి ఉంటే ఆయిల్, ఫిల్టరు రెండూ మార్చక తప్పదు. నీటి దారులను కడిగి, కంపెనీ చెప్పిన పాళ్ళలో కూలెంట్‌ను శుద్ధజలంతో కలిపి, గాలి నిలవకుండా నెమ్మదిగా నింపాలి. డీజిల్ ఆపి ఉంచి స్టార్టర్‌తో కొద్దిసేపు తిప్పితే ఆయిల్ పైదాకా చేరుతుంది. అప్పుడు స్టార్టు చేసి, తక్కువ వేగంలో నడిపి, గొట్టాల కీళ్ళు, గేజీలు గమనించాలి. ఖాళీ బండితో కొంత దూరం తిరిగివచ్చి, మరునాడు చల్లబడిన తరువాత నీటి మట్టం, ఆయిల్ రంగు చూడాలి. ఆ తరువాతే లోడు. సరుకు యజమాని ఎంత తొందరపెట్టినా ఈ ఒక్క రోజు వదులుకోరాదు.

యజమాని అడగవలసిన ప్రశ్నలు

విజయవాడ ఆటోనగర్ వంటి చోట పని చేయించినా, నామక్కల్‌లో చేయించినా, ఊరి పక్క షెడ్డులో చేయించినా, పని తెలియని ఇంటివారు కూడా అయిదు ప్రశ్నలు అడగవచ్చు. గ్యాస్కెట్ పోవడానికి కారణం ఏమిటి? హెడ్డు చదును కొలిచారా, ఎంత వచ్చింది? పగుళ్ళ పరీక్ష జరిగిందా? బోల్టులు కొత్తవా, పాతవైతే పొడవు కొలిచారా? ఏ అంకెకు, ఏ క్రమంలో బిగించారు? మేస్త్రిని అనుమానించడానికి కాదు ఈ ప్రశ్నలు. మంచి మేస్త్రి వీటికి సంతోషంగానే జవాబిస్తాడు. కొత్త బోల్టులు అడిగే ధైర్యం కూడా ఆయనకు వీటివల్లనే వస్తుంది.

ఆ జవాబులను ఒక కాగితం మీద రాసి, తేదీ, కిలోమీటర్ల అంకె చేర్చి, బండి కాగితాల సంచిలోనే ఉంచుకోవడం మేలు. ఆ లారీ రేపు మరొక రాష్ట్రంలో, తెలుగు రాని మేస్త్రి ముందు ఆగవచ్చు. హెడ్డు, బోల్టు, గ్యాస్కెట్ అన్న మాటలు అక్కడా అవే. అంకెలూ అవే. గతంలో ఎవరు ఏమి చేశారో ఆ కాగితం చూసి ఆయన తెలుసుకుంటాడు, అక్కడి నుంచి పని మొదలుపెడతాడు.